చెప్పకూడని గురువారాలు

హాన్‌ఫర్డ్
6 ఫిబ్రవరి 1994

ఒడెట్,

నీ ఉత్తరమూ, దాంతోపాటు మడిచి పెట్టిన ఆ దుప్పటంత కాగితమూ అందాయి. మన అమ్మమ్మ మొదలుకుని నా పిల్లల దాకా ఆడవాళ్లని గుండ్రాల్లో, మగవాళ్లని చతురస్రాల్లో రాయాలట. ఎవరికి ఎవరితో పడదో వాళ్ల మధ్య వంకరటింకర గీత గీయాలట. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో మీ పంతులమ్మకి ఎందుకే? ఆవిడకి సొంత చుట్టాలు లేరా?

నాకూ మీ బావకీ మధ్య ఏ గీత గీయాలో కనుక్కోవడానికే ఇదంతా మొదలుపెట్టావేమోనని నా అనుమానం. ఊరికే అనను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చుని నీ చదువు గురించి గంటసేపు చెప్పావు. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. నేను మాట్లాడితే అంతసేపు వినడు.

ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. విడాకులు తీసుకుని, నలభై దాటాక, ఇతరుల కాపురాలు చక్కదిద్దే లైసెన్సు నీకెందుకు? మా ఫాదర్ గారు ఆరు శనివారాలు క్లాసు చెప్పి జంటల్ని పెళ్లికి సిద్ధం చేసేస్తాడు. నీకేమో ఏళ్లకేళ్లు చాలడం లేదు.

ఫోన్ చేయమన్నావు. చేయను. ఫోను వంటింట్లో ఒకటుంది, పాలకొట్టం పక్క ఆఫీసు గదిలో ఇంకొకటుంది. ఒకచోట మాట్లాడుతుంటే రెండోచోట ఎత్తి వినొచ్చు. నాకెలా తెలుసంటావా? నేను వింటుంటాను కనక.

పొగమంచు ఇంకా వదల్లేదు. రెండు ఆవులు ఈనాయి. ఆ కాగితం నేను నింపను.

నీ అక్క
డియోలిండా

*

ఫ్రెస్నో
13 ఫిబ్రవరి

అక్కా,

తల్లీ, ఆ కాగితం కోర్టుకి పోదు, చర్చి గుమ్మానికి అంటించరు. క్లాసులో అందరం ఎవరి కుటుంబం వాళ్లు గీసుకుంటాం. సొంత ఇంటి గొడవలేమిటో తెలియకుండా పరాయివాళ్ల ఇంట్లోకి వెళ్తే, వాళ్ల గొడవల్లో మన గొడవే కనిపిస్తుందని మా పెద్దావిడ మిసెస్ హాల్వర్సన్ అంటుంది. నువ్వు నింపకపోతే నాకు గుర్తున్నంత నేనే గీస్తాను. నీకూ లియోనెల్ బావకీ మధ్య తిన్నని గీతే గీస్తానులే, ఏడవకు.

ఏళ్లు చాలడం లేదన్నావు. ముందు మామూలు డిగ్రీ ఉండాలి, అది ఉంది. దానిమీద ఇదే విషయంలో పెద్ద డిగ్రీ. అందులో పిల్లల మీద దాష్టీకం, తాగుడు, మొగుడూపెళ్లాల మంచం సంగతులు (నవ్వకు, దానికీ పరీక్ష ఉంది), చట్టం, ధర్మం అన్నీ చదవాలి. చదువుతూనే లైసెన్సు ఉన్నవాళ్ల కనుసన్నల్లో నిజం మనుషులతో పనిచేయాలి. అంతా కలిపి మూడు వేల గంటలు. ప్రతి గంటకీ పెద్దావిడ సంతకం ఉండాలి. ఆ తరవాత రాతపరీక్ష, ఆ పైన నోటిపరీక్ష. ఫాదర్ గారి ఆరు శనివారాలకీ దీనికీ తేడా ఏమిటంటే, ఆయన పెళ్లికి ముందు చెబుతాడు, మా దగ్గరికి పెళ్లయ్యాక వస్తారు.

విడాకులైనదానికి ఎందుకంటావు. నా కాపురం కూలుతున్నప్పుడు ఎవరైనా మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అది తెలుసుకోవాలని ఉంది. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఈ నెల నుంచి గురువారాలు కాలేజీవాళ్ల కౌన్సిలింగు కేంద్రంలో ఉంటాను. అక్కడొక గది ఉంది, దానికి ఒక గోడంతా అద్దం. లోపల కూర్చున్నవాళ్లకి అది అద్దం, అవతల చీకట్లో కూర్చున్న మాకు కిటికీ. లోపల ఒక విద్యార్థి మాట్లాడిస్తుంటే మిగతావాళ్లం చూసి నేర్చుకుంటాం. వచ్చినవాళ్లకి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే సుమా! జూన్‌కి నా డిగ్రీ చేతికొస్తుంది. పెద్ద టోపీ పెట్టుకుంటాను. నువ్వు ముందువరసలో కూర్చుని ఏడవాలి.

దూడలకి ముద్దులు.

ఒడెట్

*

హాన్‌ఫర్డ్
6 మార్చి

ఒడెట్,

ఈ ఉత్తరం జాగ్రత్తగా చదివి, జాగ్రత్తగా జవాబు రాయి.

మీ బావ గురువారం గురువారం గడ్డం గీసుకుంటున్నాడు. పాతికేళ్లుగా ఆదివారం పూజకి తప్ప గీసుకోని మనిషి. తెల్లవారుజాము పాలు పితకడం అయ్యాక స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచి బూట్లు తొడుక్కుని బయల్దేరుతాడు. మధ్యాహ్నం పాల వేళకి తిరిగొస్తాడు. ఎక్కడికంటే 'ఎండుగడ్డి బేరం' అంటాడు. గడ్డి బేరానికి సెంటు ఎవరు పూసుకుంటారే?

మొన్న గురువారం, మా చిన్నదాని బాప్తిస్మానికి జ్ఞానతల్లిగా నిలబడ్డ హిల్డా ఫ్రెస్నోలో కళ్లడాక్టరు దగ్గరికి వెళ్లింది. మీ బావ ట్రక్కు మీ కాలేజీ వీధిలో, ఆ కౌన్సిలింగు కేంద్రం ముందే ఆగి ఉందట. వెనక తలుపుకి సొట్ట కూడా చూసి చెప్పింది. హిల్డా కళ్లకి చుక్కలమందు వేశారు నిజమే, కానీ సొట్ట కనిపించిందంటే కనిపించినట్టే.

గురువారం. నువ్వే రాశావు, గురువారాలు అక్కడే ఉంటానని.

నేను గొడవ చేయను. ఒక్కటే అడుగుతున్నాను. ఆయన నీ దగ్గరికి వస్తున్నాడా, లేదా? అవునంటే అవును, కాదంటే కాదు. ఒక్క ముక్క రాయి చాలు, ఉత్తరం కూడా అక్కర్లేదు, కార్డు రాయి.

డియోలిండా

*

ఫ్రెస్నో
12 మార్చి

అక్కా,

నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పలేను. అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను.

ఇది చదవగానే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు. అయినా ఓపికపట్టి ఇంకొంచెం చదువు. ఆ కేంద్రానికి ఎవరు వస్తారో, ఎవరు రారో మేము బయట ఎవరికీ చెప్పకూడదు. రానివాళ్ల గురించి రాలేదని కూడా చెప్పకూడదు. ఎందుకంటే, రాలేదని పదిమంది గురించి చెప్పి పదకొండోవాళ్ల గురించి నోరు మూసుకుంటే అది చెప్పినట్టే కదా. మొగుడడిగినా, పెళ్లామడిగినా, అమ్మ సమాధిలోంచి లేచి వచ్చి అడిగినా ఇదే మాట. ఇది మాకు చెప్పే మొదటి పాఠం. తప్పితే లైసెన్సు సంగతి మర్చిపోవచ్చు.

నీ మాటలో ఏదో ఉందని నేను అనడం లేదు, ఏమీ లేదని కూడా అనడం లేదు. ఒక్కటి మాత్రం చెల్లెలిగా చెప్పగలను. బావని అడుగు. బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టి, 'గురువారాలు ఎక్కడికి వెళ్తున్నావు?' అని అడుగు.

నీ మనసు కుదుటపడుతుందంటే ఇదొకటి తెలుసుకో. నేనిప్పుడు గురువారాలు అక్కడ ఉండటం లేదు. సోమవారాలకి మార్చుకున్నాను. సోమవారం జట్టులో గంటలు తక్కువ దొరుకుతాయి, అందుకని డిగ్రీ జూన్‌లో కాక క్రిస్మస్‌కి వస్తుంది. ఫరవాలేదు.

కోపం తెచ్చుకోకు.

నీ
ఒడెట్

*

హాన్‌ఫర్డ్
17 మార్చి

మిస్ ఒడెట్ గారికి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. నేను గురువారం అన్నానో లేదో, నువ్వు సోమవారానికి పారిపోయావు! జూన్‌లో రావలసిన డిగ్రీని, పెద్ద టోపీని, ముందువరసలో నా ఏడుపుని అన్నీ వదులుకుని మరీ పారిపోయావంటే అక్కడ గురువారం నాడు ఏం జరిగిందో నాకు అర్థం కాదనుకున్నావా?

ఎవరైనా పాపాలు ఒప్పుకుంటే ఫాదర్ గారు ఆ పాపసంకీర్తనంలో విన్నది చచ్చినా బయటపెట్టడు. అది నాకూ తెలుసు. కానీ నువ్వు ఫాదర్‌వి కావు. నా చెల్లెలివి. నీ జడ నేను వేశాను. మీ బావ ఆ గుమ్మం తొక్కకపోతే 'లేదక్కా, నీకు పిచ్చా' అని నవ్వేసేదానివి. నువ్వు నవ్వలేదు.

ఇన్నేళ్లూ అననిది ఇవాళ అంటున్నాను. పెంతెకొస్తు పండగ నాడు చర్చి హాల్లో లియోనెల్ ముందు నీతోనే నాట్యం చేశాడు. ఆ వేసవంతా మన ఇంటికి గడ్డి దింపే వంకతో వచ్చి నీ కిటికీ వైపు చూసేవాడు. నాకు పంతొమ్మిదేళ్లు, గుడ్డిదాన్ని కాను. ఆ తరవాత ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. ఎందుకు తిరిగాడో నేను అడగలేదు. మీ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నీకు మొగుడు లేడు, ఆయనకి గురువారాలున్నాయి.

అడగమన్నావు. అడిగి, 'గడ్డి బేరం' అని ఇంకోసారి వినమంటావా?

మీ కేంద్రం పెద్దకి నేనే ఉత్తరం రాశాను. సొంత అక్క మొగుణ్ణి రప్పించుకునే మనిషికి కాపురాలు చక్కదిద్దే లైసెన్సు ఎలా ఇస్తారని అడిగాను. ఇవాళే డబ్బాలో వేశాను.

డియోలిండా

*

ఫ్రెస్నో
27 మార్చి

అక్కా,

నీ ఉత్తరం మిసెస్ హాల్వర్సన్‌కి చేరింది, కేంద్రానికీ ఆవిడే పెద్ద. సోమవారం నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, దాన్ని నా చేతిలో పెట్టింది. "చదువుకోండి. తొందరేం లేదు" అని కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను చదివాను. నీ దస్తూరి ఎంత అందంగా ఉంటుందో ఆవిడ ముందు కూర్చుని మొదటిసారి గమనించాను.

అందులో నన్ను ఏ మాట అన్నావో నీకు తెలుసు. దాన్ని మళ్లీ రాయను.

ఇప్పుడు విచారణ ఉంటుంది. వేరే ఊరినుంచి ఇద్దరు వస్తారు. అది తేలేదాకా నా గంటల మీద సంతకాలు పెట్టరు. సంతకం లేని గంట ఎన్నిసార్లు చేసినా చేయనట్టే. నేను దాచుకోవడానికి ఏమీ లేదు, అందుకని భయపడటం లేదు. కానీ పరాయివాళ్ల ముందు కూర్చుని మా అక్క నా గురించి అలా ఎందుకనుకుందో చెప్పాలి. దానికి మాత్రం సిగ్గుగా ఉంది.

నేను చేసిన తప్పు ఒకటుంది. నిన్ను ఊరడించాలని సోమవారం సంగతి రాశాను. అది కూడా రాయకూడదని మిసెస్ హాల్వర్సన్ చీవాట్లు పెట్టింది. "మీ అక్కగారిని ఊరడించాలనుకున్నారు, అక్కడే దొరికిపోయారు" అంది. నిజమే. చెల్లెలు రాసింది, విద్యార్థి మునిగింది.

నాట్యం సంగతి ఎత్తావు. అది ఆ కేంద్రం సంగతి కాదు కనక జవాబు చెప్పొచ్చు. చెప్పను. అది నువ్వు అడగవలసింది నన్ను కాదు.

పాతికేళ్లుగా ఆయన పక్కన పడుకుంటున్నావు. ఆయన గురించి హిల్డాని అడుగుతావు, నన్ను అడుగుతావు, రెండో ఫోనుని అడుగుతావు. ఆయన్ని మాత్రం అడగవు. ఎందుకక్కా?

ఒడెట్

*

హాన్‌ఫర్డ్
8 ఏప్రిల్

ఒడెట్,

నిన్న వచ్చాను. ఫ్రెస్నోకి. నీకు చెప్పలేదు.

ఆయన ట్రక్కు వెనకే, హిల్డా కారు అడిగి పుచ్చుకుని, దూరం దూరంగా వెళ్లాను. నిజంగానే మీ కేంద్రం ముందు ఆపాడు. అద్దంలో చూసి తల దువ్వుకున్నాడు. లోపలికి వెళ్లాడు. కొంతసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుని, తరవాత నేనూ వెళ్లాను.

బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది. "మా ఆయన ఏ గదిలో ఉన్నాడు?" అన్నాను.

"క్షమించండమ్మా, ఇక్కడికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో నేను చెప్పకూడదు" అంది.

"ట్రక్కు బయటుంది కదమ్మా! సొట్టతో సహా ఉంది!"

"ట్రక్కు గురించి కూడా చెప్పలేనమ్మా" అంది పాపం.

నీ మాటలే, అక్షరం పొల్లుపోకుండా. మీరంతా కూడబలుక్కున్నారా అనుకున్నాను. ఇంక ఆగలేక నడవలో నిలబడి ఆవుల్ని పిలిచే గొంతుతో "లియోనెల్!" అని అరిచాను. మూడు తలుపులు తెరుచుకున్నాయి. మూడోదాంట్లోంచి మీ బావ తల బయటికి వచ్చింది. తెల్లబోయాడు. ఆయన వెనక, భుజాల మీదుగా ప్యాంటు పట్టీలు వేసుకున్న లావుపాటి మనిషి. వయసు మనకంటే ఎక్కువే. ఇదివరకు స్కూలు బస్సు నడిపేవాడట, ఇప్పుడు నీలాగే లైసెన్సు కోసం చదువుతున్నాడట.

ఆ లావుపాటాయన నన్ను చూడలేదు, మీ బావని చూశాడు. "మీ ఇష్టం" అన్నాడు.

మీ బావ తన బూట్ల వైపు చూసుకుని, "రానీండి" అన్నాడు.

లోపల ఆ అద్దం ఉంది. ముందు దాని వైపే వెళ్లాను. "అవతల ఎవరున్నారు? మా చెల్లెలేనా?" అన్నాను. "కావాలంటే వెళ్లి చూడండి" అన్నాడాయన. వెళ్లి చూశాను. నాలుగు ఖాళీ కుర్చీలు, ఒక కాగితం కప్పు. కుర్చీల కింద కూడా చూశాను.

తిరిగొచ్చి కూర్చున్నాను. అప్పుడు మీ బావ నోరు విప్పాడు. నువ్వు వినకూడనిది కాదు, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మొదటి రోజు ఆయన కుర్చీలో కూర్చుని నోరు తెరవకముందే పెద్దావిడ వచ్చి, అద్దం అవతల ఉన్న ఒక విద్యార్థి మిమ్మల్ని గుర్తుపట్టి లేచి వెళ్లిపోయింది, ఇక గురువారాలు ఇక్కడ ఉండదు అని చెప్పిందట. పేరు చెప్పలేదట. "ఒడెట్ కాక ఇంకెవరు? తన రోజేదో నాకు తెలియక వచ్చాను. క్రిస్మస్ నాడు తను చెప్పింది విన్నాక, ఇలాంటి చోటు ఒకటుందని తెలిసింది. అంతే" అన్నాడు.

"అయితే ఎందుకొచ్చావు?" అన్నాను.

"నువ్వు ఫోను ఎత్తి వింటావు. నా జేబులు చూస్తావు. పాల లారీవాడితో రెండు మాటలెక్కువ మాట్లాడితే వాడినడుగుతావు. మానేయమని చెబుదామంటే, ఏదో దాస్తున్నాను కాబట్టి అంటున్నాననుకుంటావు. నీకెలా చెప్పాలో నాకు తెలియలేదు. అది అడగడానికి వస్తున్నాను" అన్నాడు. ఆయన ఒకేసారి ఇన్ని మాటలు ఆడటం మా పెద్దావు చచ్చినప్పుడు కూడా నేను వినలేదు.

అప్పుడు అడిగాను. ఇన్నేళ్లు గొంతులో పెట్టుకున్నది. "ముందు ఒడెట్‌నే ఇష్టపడ్డావా?"

మీ బావ నా వైపు తిరిగాడు.

"అవును. ఆ వేసవంతా. తను వద్దంది. తరవాత నిన్ను చూశాను. ఆ తరవాత ఇంకెవరినీ చూడలేదు" అన్నాడు.

ఒసేయ్, ఆ 'అవును' వింటే చచ్చిపోతాననుకునేదాన్ని. దానికి భయపడే పాతికేళ్లు అడగలేదు. విన్నాను. చావలేదు. కుర్చీలోనే ఉన్నాను.

నిన్ను నమ్మలేదు. ఆ మాట రాశాను, పరాయివాళ్లకి పంపాను. తప్పు చేశాను, ఒడెట్. ఇవాళ పొద్దున్నే మీ పెద్దావిడకి ఇంకో ఉత్తరం వేశాను, నేను రాసినదంతా నా అనుమానమేననీ, అందులో ఒక్క ముక్కా నిజం కాదనీ. ఆ ఇద్దరు వచ్చినప్పుడు నన్ను రమ్మంటే నేనే వచ్చి వాళ్ల ముందు చెబుతాను. ఇప్పుడు నాకన్నీ తెలుసు కదా, ఒక్కటి చెప్పు. ఆ రోజు ఆయన్ని చూసి లేచి వెళ్లిపోయింది నువ్వే కదూ?

మీ అక్క

*

ఫ్రెస్నో
14 ఏప్రిల్

అక్కా,

ఎవరు లేచి వెళ్లారో చెప్పలేను. నీకన్నీ తెలిసినా చెప్పలేను. తెలిసినవాళ్లకి కూడా చెప్పకూడదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నీ కోసం సంతోషించాను. మూడోసారి కోపం వచ్చింది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు, కనక రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియని ఒక బస్సు డ్రైవరు ముందు కూర్చుని, నిమిషాల్లో, పాతికేళ్లు అడగలేనిది అడిగేశావు. నేను నీకు నలభై ఏళ్లుగా తెలుసు. నన్ను ఒక్క ఉత్తరంలో కూడా నమ్మలేకపోయావు.

సొంతవాళ్లకి మేము కౌన్సిలింగు చేయకూడదని రూలుంది. మొదటి నెలలోనే నేర్పారు, పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది ఎందుకు పెట్టారో మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది. ఆ బస్సాయన నీ మీద కోపం లేకుండా కూర్చోగలిగాడు. నేనైతే కూర్చోలేను. నీ జడ నేను వేయలేదు గాని, నాకు జడ వేసింది నువ్వే.

మిసెస్ హాల్వర్సన్‌కి నీ రెండో ఉత్తరం కూడా అందింది. అయినా విచారణ ఆగదట, మొదలైనదాన్ని ముగించాలట. ఒక్కదాన్నే వెళ్లి చెప్పుకుంటాను. నువ్వు రావద్దు. గంటలు పోతే పోయాయి, మళ్లీ చేస్తాను.

నువ్వడిగిన క్షమాపణకి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఇవ్వగానే నువ్వు తేలికపడిపోతావు, నేను మాత్రం ఆ ఉత్తరంలోని మాటతోనే ఉండిపోతాను. అందుకని వచ్చే ఆదివారం పూజ అయ్యాక మీ ఇంటికి వస్తున్నాను. విద్యార్థిగా కాదు, కౌన్సిలర్‌గా కాదు. 'ఈ బావా మరదళ్ల సంగతేమిటి?' అని ఎవరైనా అడిగితే అడగనీ. నేను వచ్చేది నీతో పోట్లాడటానికి. వంటింటి తలుపు వేసి, నువ్వు ఒక పక్క, నేను ఒక పక్క, గొంతు పోయేదాకా. బావని ఆవుల దగ్గరికి పంపించేయి. మాంసం పులుసు ఎక్కువగా వండు, రొట్టె నేను తెస్తాను. చాలాసేపు పడుతుంది.

ఒడెట్